పండు అడిగిన బిస్కెట్టు

పోయిన వారం మనం వేదవతిని గేటు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. "గిది పిచ్చి కుక్క గాదు మేడం. దీనికి ఎవరో నేర్పిన్రు" అని మహిపాల్ అన్న మాట దగ్గరే ఆగిపోయి ఉంది.

మధ్యలో చేరినవాళ్ల కోసం జరిగింది మళ్లీ చెబుతాను. మన్సూరాబాద్‌లో ఒకే గోడకి ఇటు లెక్కల మాస్టారు చక్రపాణి, ఆయన భార్య వేదవతి. తెనాలి నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. అటు ఆర్టీసీ డ్రైవర్ సైదులు, అతని భార్య ఈరమ్మ. నల్గొండ దగ్గరి పల్లెవాళ్లు. నాలుగేళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సు కింద దొరికిన కూనని ఖాకీ చొక్కాలో చుట్టి తెచ్చి, "నువ్వు సాదుకో చెల్లె" అని వేదవతి ఒళ్లో పెట్టినవాడు సైదులే. అదే పండు. డ్యూటీ దిగి వస్తూ గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టి దాని తల నిమిరితే గానీ అతను తన ఇంట్లోకి వెళ్లేవాడు కాదు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయిన రెండో రోజు సాయంత్రం, ఆ చేతినే పండు కరిచింది. ఎనిమిది కుట్లు పడ్డాయి. కుడి బొటనవేలు వంగడం లేదు. సమ్మె అయ్యాక స్టీరింగు పట్టగలడో లేదో డాక్టరు చెప్పడం లేదు. కాలనీ సంఘం మాత్రం చెప్పేసింది, ఆదివారం మీటింగు నాటికి కుక్క ఉండకూడదని. మనిషిని కరిచిన కుక్కని ఇంకెవరూ పెంచుకోరు. అందుకని ఆ మాటకి అర్థం చంపేసే సూదిమందేనని అందరికీ తెలుసు.

కరిచాక పండు చేసిన పని కూడా గుర్తు చేసుకోండి, ఈ వారం దానితో అవసరం పడుతుంది. ఈరమ్మ కేకలకి వీధంతా పరిగెత్తుకొస్తుంటే, అది వరండాలోకి వెళ్లి పేము కుర్చీలో ఉన్న మాస్టారి ముందు బుద్ధిగా కూర్చుని ముందు కాలు పైకెత్తింది. "చూడండి, క్షమించమంటోంది" అని వేదవతి ఏడ్చింది. చూసినవాళ్లంతా అలాగే అనుకున్నారు.

బుధవారం పొద్దున్నే మహిపాల్ మళ్లీ వచ్చాడు. అతను పదిహేనేళ్లు మిలిటరీ కుక్కల దళంలో చేసి వచ్చి, ఇప్పుడు చంపాపేటలో పెంపుడు కుక్కలకి శిక్షణ ఇస్తున్నాడు. కుక్క ముందు గొంతు పెంచడం అతనికి చేతకాదు. మొదటి రోజే, మాస్టారు కొనుక్కొచ్చిన ముళ్ల గొలుసూ బెత్తమూ తీసి గోడ మూలకి గిరాటేశాడు. "గుర్రుమన్నదని కొడుతరా సారు? గది దాని హారన్. హారన్ పీకేస్తే బండి ఆగుతదా? చెప్పకుంట గుద్దుతది" అన్నాడు. మాస్టారు ఏదో గొణిగి లోపలికెళ్లిపోయారు. ఆ తర్వాత మహిపాల్ వచ్చే వేళకి ఆయన ఇంట్లో ఉండడం మానేశారు.

పండు మూతికి తోలు చిక్కం తొడిగాడు మహిపాల్. దాంతో రొప్పొచ్చు, నీళ్లు తాగొచ్చు, గుడ్డు ముక్క అందుకోవచ్చు, కరవడం మాత్రం కుదరదు. వరండా స్తంభానికి పొడుగు తాడు కట్టి, ఉడికించిన గుడ్డు ముక్కలు నడుముకి సంచిలో వేసుకుని, ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాడు. కర్ర చూపించాడు, పండు ఆవులించింది. హెల్మెట్ పెట్టుకుని గేటు కొట్టాడు, తోకాడించింది. సైదులు ఒంటి మీది ఖాకీ చూసి కరిచిందేమోనని ఎవరిదో ఖాకీ చొక్కా అడిగి తెచ్చి తొడుక్కున్నాడు. పండు సంబరంగా వచ్చి దాన్ని వాసన చూసింది. ఆ వాసనలోనే కదా అది మొదటిసారి ఈ ఇంటికొచ్చింది!

అప్పుడే వీధి చివర ఊరేగింపొకటి ఎల్బీనగర్ చౌరస్తా వైపు వెళుతోంది. డప్పులు మోగాయి. పండు చెవులు కూడా కదపలేదు. తర్వాత నినాదం వినపడింది. పండు ఒక్క ఉదుటున లేచి గేటు మీదికి ఉరికింది.

మహిపాల్ ఊరేగింపు వెళ్లిపోయేదాకా ఆగాడు. పండుకి నీళ్లు పట్టాడు. దాని గుండెదడ తగ్గాక, పది అడుగుల దూరంలో నిలబడి వేదవతి వైపు చూశాడు.

"మేడం, ఒక్కటే సారి చూస్త. గిదే గనక అయితే మళ్ల చెయ్య."

పిడికిలి బిగించి, చెయ్యి భుజం దాకా ఎత్తి, మామూలు గొంతుతోనే అన్నాడు. "జై తెలంగాణ."

పండు మీదికి దూకింది. తాడు బిగుసుకుంది. మూడు సార్లు మొరిగింది. లెక్కగా మూడే. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది. పండు వెనక్కి తిరిగి, తోకాడించుకుంటూ వరండాలోకి నడిచి, మాస్టారి ఖాళీ కుర్చీ ముందు కూర్చుంది. ముందు కాలు పైకెత్తింది. చిక్కంలోంచి దాని కళ్లు కిటికీ గట్టు మీదున్న బిస్కెట్ల డబ్బాని చూస్తున్నాయి.

వేదవతి కూడా ఆ డబ్బా వైపే చూసింది.

కరిచిన రోజు, సమ్మె ఉత్సాహంలో ఉన్న సైదులు ఒక చెయ్యి గేటు ఊచల్లోంచి లోపలికి పెట్టి, రెండో చెయ్యి ఎత్తి, "జై తెలంగాణ పండూ!" అంటూ నవ్వాడు. వంటింట్లోంచి ఆమె ఆ మాట విన్నది. ఊళ్లో అందరి నోటా పొద్దస్తమానం నలిగే మాట కాబట్టి పట్టించుకోలేదు. అంటే పండు క్షమించమనలేదు. చెప్పిన పని చేశాను, నా బిస్కెట్ నాకివ్వమంది.

"మొరగమనే నేర్పిన్రు మేడం, కరవమని గాదు" అన్నాడు మహిపాల్. "గానీ మొరిగినప్పుడల్ల పక్కన మనుషులు నవ్వి చప్పట్లు కొట్టి తినబెడితే, దానికి మస్తు జోష్ వస్తది. గంత జోష్‌ల చెయ్యి లోపలికొచ్చింది. ఇంకేముంది!"

గుడ్డు ముక్కల సంచి విప్పి మెట్టు మీద పెట్టేశాడు.

"మా అమ్మ ముత్తమ్మకు డెబ్బై ఏండ్లు. గీ మాట కోసం ఎండల రోడ్డు మీద వంటావార్పుకు పోయి కూసుంటున్నది. మీ ఇంట్ల కుక్కకు నేర్పి నవ్వుకున్నరా?"

వేదవతి చేతులు జోడించబోయింది. అతను చూడనట్టు గేటు దాకా వెళ్లి, స్కూటరు తాళం తిప్పి, మళ్లీ తీసేసి వెనక్కొచ్చాడు.

"కుక్క తప్పేమున్నది. నేర్పిందే చేసింది. మళ్ల నేర్పుకుందాం" అన్నాడు. "గానీ నేనంటే లాభం లేదు. మీరే అనాలె. పది అడుగుల దూరం నుంచి, చెవుల చెప్పినట్టు మెల్లగ. అన్న ఎంబడే ముక్క ఎయ్యాలె, అది మొరగక ముందే. దినానికి వంద సార్లు. గా మాట ఇంటే గేటు దిక్కు గాదు, మీ చెయ్యి దిక్కు చూడాలె. రెండు నెలలు పడతది. అప్పటిదాక గట్టిగ అనొద్దు, చెయ్యెత్తొద్దు. ఎవరొచ్చినా చిక్కం, తాడు తప్పొద్దు."

"ఆదివారానికి నాలుగు రోజులే ఉన్నాయి మహిపాల్ గారూ."

"ఎట్ల నేర్చిందో మీటింగుల చెప్పున్రి. నేర్పితే వచ్చిన రోగం, నేర్పితే పోతదని నేనొచ్చి చెప్త. ఆళ్లు గూడ మనుషులే గద" అని, అతను గోడవతలికి చూసి గొంతు తగ్గించాడు. "చెప్పేదాన్కి ధైర్యముంటే."

మధ్యాహ్నం చక్రపాణి వచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన పాఠాలు చెప్పే కోచింగ్ సెంటరు సమ్మెతో మూతపడింది. అయినా రోజూ వెళ్లి షట్టరుకి వేసిన తాళం చూసి వస్తారు. అన్నం వడ్డించాల్సిన చోట వేదవతి బిస్కెట్ల డబ్బా పెట్టింది.

ఆయన డబ్బాని చూశారు, భార్య మొహం చూశారు. అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

"తమాషాకే వేదా. నీ మీద ఒట్టు."

"ఎప్పట్నుంచి?"

"ఉద్యమంలో సెంటరు అద్దాలు పగిలిన ఏడాది. పగిలిన మర్నాడు నా దగ్గర చదువుకున్న పిల్లలే వచ్చి, 'సార్, దయచేసి మూసెయ్యండి' అన్నారు. ఒక్క మాట తూలలేదు. దండం పెట్టి మరీ మూయించారు. తిట్టినా బాగుండేది. ఆ ఆదివారం మన తెనాలి వెంకట్రావూ వాళ్లూ టీకొచ్చినప్పుడు టీవీలో నినాదం వచ్చింది, పండు మొరిగింది. వెంకట్రావు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నెలల తర్వాత ఈ ఇంట్లో నవ్వు వినపడింది. అప్పుడు ఓ బిస్కెట్టిచ్చాను."

ఆ తర్వాత ప్రతి ఆదివారం. టీవీ అక్కర్లేకుండా మాస్టారే పిడికిలెత్తి అనేవారు. మూడు మొరుగుళ్లకి ఒక బిస్కెట్. లెక్కల మాస్టారు కదా, లెక్క తప్పనివ్వలేదు.

వేదవతికి కోపం రావాలి, వచ్చింది. కానీ దాని వెంటే ఇంకోటి కూడా వచ్చింది. ఆ నవ్వులు ఆమె కూడా వింది. వంటింట్లో పకోడీలు వేస్తూ, పోనీలే, మనిషి నవ్వుతున్నాడు, అనుకుంది. ఎందుకు నవ్వుతున్నారని ఒక్క ఆదివారమైనా లేచి వచ్చి చూడలేదు.

"అన్నయ్యని కరిచాక పండు మీ ముందుకొచ్చి కూర్చుంది. అప్పుడే తెలిసింది కదూ మీకు?"

ఆయన తలదించుకున్నారు.

"ఆ రోజు కూడా ఇచ్చారా?"

ఆయన గొంతు క్లాసులో వెనక బెంచీ దాకా వినిపించే మాస్టారి గొంతులా లేదు. "ఇవ్వలేదు. టీలోకని చేతిలో ఉంది. రక్తం చూసేసరికి కింద పడింది. అది తీసుకుని తినేసింది."

వేదవతి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కింటికి వినపడకూడదు కదా! సైదులు చెయ్యి అక్కడ రక్తం కారుతుంటే ఇక్కడ పండు బిస్కెట్ తిన్నదని వాళ్లకి ఏ నోటితో చెప్పాలి?

"ఈ రోజుల్లో ఈ సంగతి బయటికెళితే మనం ఇక్కడ ఉండగలమా?" అన్నారు చక్రపాణి. "నువ్వే ఆలోచించు. చూస్తూ చూస్తూ ఒక కుక్క కోసం..."

"ఒక కుక్క!" అంది వేదవతి. "నేర్పింది మీరు, సూదిమందు దానికి. అంతేగా?"

ఆయన లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. "నాకు భయంగా ఉంది వేదా." ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు. సరేనని కూడా అనలేదు.

గురువారం నుంచి శిక్షణ మొదలైంది. వేదవతి అప్పటిదాకా ఆ మాట ఏనాడూ అనలేదు. తెలంగాణ కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. రాజకీయం మగవాళ్ల గొడవ అనుకుని తప్పుకు తిరిగింది. ఇప్పుడు పెరట్లో, బంతి మొక్కల పక్కన, గుడ్డు ముక్క పట్టుకుని నిలబడి, ముందు పెదవులతోనే ఒకసారి అనుకుంది. పండు మెడ పక్కకి వంచి చూస్తోంది. చివరికి ఎలాగో అంది. "జై తెలంగాణ." ముక్క వేసింది. పండు ఒళ్లంతా బిగుసుకుంది గానీ ముక్క అందుకుంది. మళ్లీ అంది. మళ్లీ వేసింది. ముప్పయ్యోసారికి దాని మెడ మీద వెంట్రుకలు లేవడం మానేశాయి. శుక్రవారం సాయంత్రానికి, మెల్లగా అంటే గేటు వైపు కాకుండా ఆమె చేతి వైపే చూడసాగింది. ఆ చూపుకి ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఇంత తొందరగా మంచి నేర్చుకునేదానికి ఆయన ఆ పాఠం చెప్పారే అనిపించింది.

శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర గాజుల చప్పుడైంది.

ఈరమ్మ. చేతిలో ఖాళీ వెదురు బుట్ట. ఏటా బతుకమ్మ రోజుల్లో ఆమె బంతిపూలకి ఈ పెరట్లోకే వస్తుంది, ఇద్దరూ కలిసే కోస్తారు. ఈ ఏడు పండగ మొదలైనా రాలేదు. వేదవతి గబగబా పండుకి చిక్కం తొడిగి, తాడు స్తంభానికి కట్టి, గేటు తీసింది. వరండాలో చక్రపాణి టీ గ్లాసుతో కుర్చీలో ఉన్నారు. ఈరమ్మని చూసి లేవబోయి, లేవలేక అలాగే ఉండిపోయారు.

"రేపు అలిగిన బతుకమ్మ వదినె, ఆడరు. ఇయ్యాల్నే పేర్చాలె. పువ్వులకొచ్చిన" అంది ఈరమ్మ.

వేదవతి ఆమెని బంతి మొక్కల దగ్గరికి తీసుకెళ్లింది. ఇద్దరూ నాలుగు బంతిపూలు కోశారో లేదో, ఈరమ్మే అంది.

"మొన్నటి సంది ఇంటున్న వదినె. నువ్వు గా మాట అంటున్నవ్ గద, గోడ పక్కన. మొదలు మమ్ముల ఎక్కిరిస్తున్నవనుకున్న. పొయ్యి కాడ కూసొని ఏడ్చిన. మల్ల ఇన్న. ఎక్కిరించేటోళ్లు గంత మెల్లగ ఎందుకంటరు? పొద్దుగాల నుంచి మాపటి దాక ఎందుకంటరు? గది మొక్కుకున్నట్టే ఉన్నది."

"వదినా, అది..."

"జర ఆగు, నన్ను చెప్పనియ్. నిన్న మా ఆయనను గోడ కాడ కూసుండబెట్టి ఇనిపించిన. ఇన్నడు. దవాఖానల కుట్లేస్తుంటే ఏడ్వనోడు, నిన్న ఏడ్సిండు. 'నా చెల్లె నా కోసం అంటున్నది' అన్నడు. రేపు మీటింగుల పండుగాన్ని ఉంచున్రి అని ఆయనే చెప్తడట. 'కూనప్పుడు తెచ్చింది నేను, కరిచింది నన్ను, మీకేంది' అంటడట."

వేదవతి వరండా వైపు చూసింది. చక్రపాణి మొహంలోకి ప్రాణం వచ్చింది. ఆయన చిన్నగా తలూపారు. ఊరుకో, అన్నట్టు. అంతే కదా! ఊరుకుంటే పండు బతుకుతుంది. ఈ గేటు మీద రాయి పడదు. ఈరమ్మ రేపటి నుంచి గోడ మీంచి మళ్లీ పచ్చడి గిన్నె అందిస్తుంది. సైదులు తన చెల్లెలు తన కోసమే అన్నదని బతికినన్నాళ్లూ నమ్ముతాడు. ఆ నమ్మకం తల్చుకుంటేనే వేదవతికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది వదినె గట్ల ఏడుస్తున్నవ్? నవ్వు జర!" ఈరమ్మ బుట్ట కింద పెట్టి, కొంగుతో తన కళ్లూ తుడుచుకుంది. "మెల్లగ గాదు, ఒక్కపారి నాతోని గట్టిగ అను. ఆయనకు గూడ ఇనపడాలె."

"వద్దు వదినా, చెయ్యెత్తకు..."

ఈరమ్మ అప్పటికే పిడికిలి ఎత్తేసింది. "జై తెలంగాణ!"

పండు ఎగిరి దూకింది. తాడు ఫట్టున బిగిసి దాన్ని నేల మీదికి లాగింది. చిక్కంలోంచి మొరిగింది. ఒకటి, రెండు, మూడు. ఈరమ్మ కెవ్వుమని వెనక్కి జరిగింది. ఆపైన పండు శాంతంగా తిరిగి, తోకాడించుకుంటూ వరండాలోకెళ్లి, చక్రపాణి మోకాళ్ల ముందు కూర్చుని, ముందు కాలు పైకెత్తింది.

ఆయన ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో బిస్కెట్టు ఉన్నాయి.

ఈరమ్మ పండుని చూసింది. ఎత్తిన ఆ కాలుని చూసింది. కాలు ఎవరి ముందు ఎత్తిందో ఆయన్ని చూసింది. ఆ చేతిలో ఉన్నదాన్ని చూసింది. ఆమె చదువుకోలేదు గానీ తెలివి తక్కువ మనిషి కాదు.

"గా పొద్దు గూడ గిట్లనే కూసున్నది గద వదినె" అంది నెమ్మదిగా. "మూతికి నా పెనిమిటి నెత్తురు పెట్టుకొని గిట్లనే కాలెత్తింది. మనం మాపు చెయ్యమంటున్నదనుకున్నం."

చక్రపాణి భార్య వైపే చూస్తున్నారు. పండు కాలు ఇంకా పైనే ఉంది, ఎత్తి ఎత్తి వణుకుతోంది. తనకి రావాల్సింది ఎందుకు రావడం లేదో దానికి అర్థం కావడం లేదు.

"గీ మాటకు మొరిగితే బిస్కెట్టిస్తమని దీనికి ఎవ్వరు నేర్పిన్రు? నువ్వు చెప్పు వదినె. నువ్వు చెప్పిందే నమ్ముత."

వేదవతి వెళ్లి పండు పక్కన కూర్చుంది. ఎత్తిన కాలుని చేతిలోకి తీసుకుని మెల్లగా కిందికి దించింది. లేచి ఈరమ్మ ఎదురుగా నిలబడింది.

"చెబుతాను వదినా. అన్నయ్యని కూడా పిలువు. ఇద్దరికీ ఒకేసారి చెబుతాను."

పిలవాల్సిన పని లేకపోయింది. గోడవతల గేటు గడియ లాగుతున్న చప్పుడు వినిపించింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. ఎడమ చేత్తో అలవాటు లేదు కాబట్టి, సైదులుకి ఆ గడియ తొందరగా రావడం లేదు.